పొట్ట పరీక్షలో చేయి తిరగాలంటే: వార్డు పోస్టింగులకు వెళ్ళే ఎంబీబీఎస్ విద్యార్థుల కోసం

సెకండియర్‌లో క్లినికల్ పోస్టింగులు మొదలవగానే అందరి నోటా ఒకటే ప్రశ్న: "స్ప్లీన్ ఏ బెడ్‌లో ఉంది?" స్ప్లీన్ (ప్లీహం) పెరిగిన పేషెంట్ బెడ్ నంబరు వాట్సాప్ గ్రూపులో పడుతుంది. గంట తిరిగేసరికి బ్యాచ్ బ్యాచంతా వెళ్ళి ఆ మనిషి పొట్ట నొక్కి వస్తుంది. తగిలిందని అందరూ అంటారు. అక్కడ ఉందని ముందే తెలుసు కాబట్టి తగలక ఏం చేస్తుంది! పక్క బెడ్‌లో ఇంకో పేషెంట్‌కి స్ప్లీన్ పెరిగి ఉన్నా, గ్రూపులో ఎవరూ రాయకపోతే అది ఎవరి చేతికీ దొరకదు.

పరీక్ష వరస పుస్తకాల్లో ఉంది, యూట్యూబ్‌లోనూ ఉంది. అవి చూసినా చేతికి పని రాకపోవడానికి నాకు తెలిసి రెండే కారణాలు. మామూలు పొట్ట ఎలా ఉంటుందో చేతికి తెలియదు. జవాబు ముందే చూసేసి పరీక్ష చేస్తున్నారు. కింద చెప్పే పద్ధతంతా ఈ రెండింటినీ సరిచేయడానికే. పొట్టనే ఎందుకు తీసుకున్నానంటే మెడిసిన్, సర్జరీ, పిల్లల విభాగం, గైనిక్ ఎక్కడికెళ్ళినా ఇది తప్పదు. పైగా గుండె శబ్దాలు చెవికి పట్టుబడటానికి చాలా నెలలు పడుతుంది కానీ, పొట్ట విషయంలో శ్రద్ధగా చేస్తే ఒక్క పోస్టింగ్‌లోనే తేడా తెలుస్తుంది.

ముందు హాస్టల్ గదిలో

వార్డులో అడుగుపెట్టకముందే సగం పని హాస్టల్‌లో అయిపోవాలి. రూమ్మేట్ ఒప్పుకుంటే మంచం మీద వెల్లకిలా పడుకోబెట్టండి. తల కింద ఒక్క దిండు, చేతులు పక్కలకు, మోకాళ్ళు కొద్దిగా మడిచి. ఆడపిల్లలు ఆడపిల్లలతో, మగపిల్లలు మగపిల్లలతో చేసుకోండి. ఇష్టం లేదన్నవాళ్ళని బలవంతపెట్టొద్దు, కారణమూ అడగొద్దు.

ఆరోగ్యంగా ఉన్న ఇరవయ్యేళ్ళ మనిషి పొట్టలో తగలడానికి ఏముంటుంది అనుకోకండి. సన్నగా ఉన్నవాళ్ళలో బొడ్డుకు పైన, నడిమధ్య అయోర్టా (గుండెనుంచి వచ్చే పెద్ద ధమని) కొట్టుకోవడం తెలుస్తుంది. ఎడమ ఇలియాక్ ఫోసాలో (పొట్ట కింది మూల, తుంటి ఎముక లోపలివైపు) సిగ్మాయిడ్ కోలన్ (పెద్దపేగు చివరి వంపు) వేళ్ళ కింద దొర్లుతుంది. కొందరిలో గాలి లోతుగా పీల్చినప్పుడు లివర్ అంచు కుడి పక్కటెముకల కింద మెత్తగా వచ్చి తాకి వెళ్ళిపోతుంది. బక్కపల్చటి వాళ్ళలో, ముఖ్యంగా ఆడపిల్లల్లో, కుడి కిడ్నీ కింది కొస కూడా దొరకొచ్చు. ఇవన్నీ ఎరగని విద్యార్థి సిగ్మాయిడ్‌ను గడ్డ అంటాడు, అయోర్టాను అన్యూరిజం (రక్తనాళం ఉబ్బు) అంటాడు. అన్నిటికంటే ఎక్కువగా జరిగేది రెక్టస్ (పొట్ట ముందువైపు నిలువు) కండరం అంచును పట్టుకుని లివర్ అనడం. అనుమానం వస్తే తల కొంచెం పైకెత్తమనండి. కండరమైతే వెంటనే గట్టిపడి ఇంకా బాగా తేలుతుంది, లోపలి అవయవమైతే వేళ్ళకు అందకుండా పోతుంది.

పర్కషన్ (వేలితో తట్టి శబ్దం వినడం) కూడా ఇక్కడే నేర్చుకోవాలి. 1761లో దీని గురించి మొదటిసారి పుస్తకం రాసిన వియన్నా డాక్టర్ లియోపోల్డ్ ఔయెన్‌బ్రుగ్గర్ ఒక సత్రం యజమాని కొడుకు. పీపాల్లో వైన్ ఎంతవరకు ఉందో తట్టి తెలుసుకోవడం తండ్రి దగ్గర చూసినందువల్లే ఆయనకు ఈ ఆలోచన వచ్చిందని చెబుతారు. మీకు పీపా అక్కర్లేదు, హాస్టల్ బాత్రూమ్‌లో ప్లాస్టిక్ నీళ్ళ డ్రమ్ము ఉంటే చాలు. మీరు అటు తిరిగి ఉండగా ఫ్రెండ్‌ని కొన్ని నీళ్ళు పోసి మూత పెట్టమనండి. పైనుంచి కిందికి తడుతూ వచ్చి, నీటి మట్టం ఉందనుకున్న చోట సుద్దముక్కతో గీత పెట్టండి. మూత తీసి చూసుకోండి. గీతకూ నీటికీ రెండు వేళ్ళ తేడా కూడా లేకుండా పోయేదాకా చేయండి.

చేయి పెట్టే తీరు ముఖ్యం. ఎడమ చేతి మధ్యవేలు మాత్రమే చర్మానికి గట్టిగా ఆనాలి, మిగతా వేళ్ళు పైకి లేచి ఉండాలి. లేకపోతే శబ్దం అణిగిపోతుంది. కుడి మధ్యవేలిని వంచి, మణికట్టు ఆడిస్తూ ఎడమ వేలి మధ్య కణుపు మీద కొట్టండి. మోచేయి కదిలితే అది పర్కషన్ కాదు, గుద్దడం. కొట్టిన వేలు వెంటనే పైకి లేవాలి. గోరు పెరిగి ఉంటే మీ వేలికే గాయమవుతుంది.

ఆ తర్వాత ఒంటి మీద తేడాలు వినండి. తొడ మీద తడితే పూర్తి డల్ (మందమైన శబ్దం). బుగ్గ పూరించి తడితే టింపానిక్ (డప్పులాంటి శబ్దం). కుడి ఛాతీ మీద పైనుంచి దిగుతూ వస్తే లంగ్ రెసొనెన్స్ (గాలి నిండిన ఊపిరితిత్తి మోత) ఒక చోట లివర్ డల్‌నెస్‌గా మారుతుంది. శబ్దాన్ని చెవితోనే పట్టాలని చూడకండి. కింద ఉన్నది బోలుగా ఉందో గట్టిగా ఉందో ఎడమ వేలికి విడిగా తెలుస్తుంది. నలభై మంచాల వార్డులో ఒకవైపు పిల్ల ఏడుపు, ఇంకోవైపు ట్రాలీ చప్పుడు ఉన్నప్పుడు మీకు మిగిలేది ఆ వేలే.

పేషెంట్ దగ్గరికి వెళ్ళడం

రౌండ్స్ జరుగుతున్నప్పుడు, డ్రెస్సింగ్ వేళ, అన్నం తింటున్నప్పుడు వెళ్ళకండి. తిన్న వెంటనే కూడా వద్దు. పేషెంట్‌కి ఇబ్బంది, పైగా నిండిన పొట్ట ఎడమవైపు పర్కషన్‌ను తప్పుదోవ పట్టిస్తుంది. రౌండ్స్ అయ్యాక భోజనానికి ముందు, లేదా సాయంత్రం మేలు. డ్యూటీలో ఉన్న సిస్టర్‌కో పీజీకో చెప్పి వెళ్ళండి.

మంచం దగ్గర ఏం మాట్లాడాలో ముందే నోటికి వచ్చి ఉండాలి. ఇలా అనొచ్చు: "అమ్మా, నేను ఇక్కడ డాక్టర్ చదువు చదువుతున్నాను. నా పేరు ఫలానా. మీ పొట్ట ఒకసారి పట్టి చూడొచ్చా? పది నిమిషాలు పడుతుంది. నొప్పి పుడితే చెప్పండి, ఆపేస్తాను. వద్దంటే వద్దనండి, మీ వైద్యానికి ఏ లోటూ రాదు." చివరి వాక్యం ఎప్పుడూ వదలకండి. సర్కారు ఆసుపత్రికి వచ్చినవాళ్ళు చాలామంది, కాదంటే మందులు సరిగా ఇవ్వరేమోనన్న భయంతో తలూపుతారు. అలా ఊపిన తలను ఒప్పుకోవడం అనుకోకూడదు.

పెద్దవాళ్ళను తాతా, అవ్వా, పెద్దమ్మా, అన్నా అనడం మన దగ్గర సహజమే. ఏం పిలవాలో తోచకపోతే అమ్మా, అయ్యా చాలు. వార్డులో మిగతావాళ్ళు ఎలా మాట్లాడినా మీరు మాత్రం "మీరు" అనే అనండి. "పన్నెండో బెడ్డు" అని మనిషిని పిలవొద్దు.

మీ ప్రశ్న వాళ్ళ మాటల్లో ఉండాలి. మెలీనా ఉందా అంటే ఏం చెబుతారు? "దొడ్డికి నల్లగా, తారులాగా వస్తోందా?" అనాలి. డొక్కలో పోటు, కడుపుబ్బరం, కాళ్ళకు నీరు పట్టడం, కామెర్లు, తేపులు ఇవన్నీ వాళ్ళు చెప్పినట్టే రాసుకుని, మెడికల్ పదం తర్వాత పక్కన వేసుకోండి. ఊరు మారితే మాట మారుతుంది. ఆయాసాన్ని తెలంగాణలో చాలామంది దమ్ము అంటారు. తెలియని మాట వస్తే "అంటే ఎలా ఉంటుందమ్మా?" అని అడగడానికి సిగ్గుపడకండి.

ఆడవాళ్ళను మగ విద్యార్థి పరీక్ష చేస్తున్నప్పుడు సిస్టర్ గానీ క్లాస్‌మేట్ అమ్మాయి గానీ పక్కన ఉండి తీరాలి. స్క్రీన్ లాగండి. పొట్ట పైభాగం నుంచి తొడల దాకా తెరిచి చూడాలని పుస్తకం చెబుతుంది, కానీ అంతా ఒక్కసారే తెరవనక్కర్లేదు. ఛాతీ మీద ఒక దుప్పటి, నడుము కింద ఒకటి కప్పి, చూస్తున్న భాగం మాత్రమే తెరవండి. లంగా బొందు, లుంగీ ముడి, ప్యాంటు బెల్టు బిగుతుగా ఉంటే కింది పొట్ట చేతికి రాదు. వాళ్ళనే వదులు చేసుకోమనండి, మీరు లాగకండి. మొలతాడు, తాయెత్తు అడ్డొస్తే పక్కకు జరపండి, తీయమనొద్దు.

చేయి వేయకముందు కళ్ళు

పొట్ట పరీక్ష చేతి గోళ్ళ దగ్గర మొదలవుతుంది. క్లబ్బింగ్ (వేళ్ళ కొసలు ఉబ్బి గోళ్ళు గుండ్రబడటం), అరచేతుల ఎరుపు, చేతులు చాచి మణికట్టు పైకి వంచితే ఫ్లాప్ (చేతులు రెక్కల్లా కొట్టుకోవడం), కింది కనురెప్పలో పాలిపోవడం, కంటి తెల్లగుడ్డులో పసుపు. పసుపును మాత్రం కిటికీ వెలుతురులోనే చూడండి, ట్యూబ్‌లైట్ కింద నమ్మొద్దు. మెడలో ఎడమవైపు కాలర్‌బోన్ పైన లింఫ్ నోడ్, ఛాతీ మీద స్పైడర్ నీవై (సాలీడు కాళ్ళలా విచ్చుకున్న సన్నటి రక్తనాళాలు), చెవి కింద పెరోటిడ్ (లాలాజల గ్రంథి) వాపు, కాళ్ళ వాపు. మద్యం వల్ల లివర్ చెడిన వ్యక్తిలో వీటిలో చాలా కనిపించవచ్చు. అప్పుడు పొట్ట ముట్టుకోకముందే జబ్బు దాదాపు తెలిసిపోతుంది.

తర్వాత మంచం కాళ్ళవైపు నిలబడి పొట్ట ఆకారం చూడండి. ఊపిరితో అన్ని భాగాలూ సమంగా కదులుతున్నాయా? బొడ్డు లోపలికి ఉందా, బయటికి తన్నుకొచ్చిందా? దగ్గమంటే ఎక్కడైనా ఉబ్బుతోందా? సిరలు తేలి ఉంటే బొడ్డుకు కింద ఉన్న ఒకదాన్ని రెండు వేళ్ళతో నొక్కి, ఖాళీ చేసి, ఒక్కో వేలు తీసి ఎటునుంచి నిండుతోందో చూడండి. రక్తం కిందికి పోతుంటే పోర్టల్ హైపర్‌టెన్షన్ (పేగులనుంచి లివర్‌కి వెళ్ళే సిరలో ఒత్తిడి పెరగడం) వైపు, పైకి పోతుంటే ఐవీసీ (కింది ఒంటి రక్తాన్ని గుండెకు చేర్చే పెద్ద సిర) అడ్డంకి వైపు ఆలోచించాలి.

మచ్చల విషయంలో ఆపరేషన్ కుట్లతో ఆగిపోకండి. మన దగ్గర కామెర్లకీ కడుపు నొప్పికీ వాతలు పెట్టించుకోవడం ఇంకా ఉంది. పొట్ట మీదో మణికట్టు దగ్గరో గుండ్రటి, నిలువు కాలిన మచ్చలు కనిపిస్తే ఎప్పుడు, దేనికి పెట్టించారని మామూలుగా అడగండి. జబ్బు ఎప్పటినుంచి ఉందో ఒక్కోసారి ఆ మచ్చ చెప్పినంత సరిగ్గా కేస్ షీట్ చెప్పదు. వెటకారం మాత్రం చేయకండి. ఒకసారి నవ్వితే ఆ తర్వాత వాడిన పసరు మందు సంగతి చెప్పరు.

మొదటి స్పర్శ

పేషెంట్‌కి కుడివైపు ఉండండి. మంచం ఎత్తుగా ఉంటే స్టూలు మీద కూర్చోండి, కిందికి ఉంటే మోకాళ్ళ మీద కూర్చోండి. మీ ముంజేయి పొట్టతో సమానమైన ఎత్తులో ఉండాలి. నిలబడి పైనుంచి వంగి చేస్తే చేయి పొడుస్తుంది. అరచేతులు రుద్ది వెచ్చబెట్టుకోండి.

"నొప్పి ఎక్కడో ఒక్క వేలితో చూపించండి" అని అడగండి. ఆ చోటు చివరికి వదిలి, దానికి దూరంగా మొదలుపెట్టండి. వేళ్ళు చాపి, అన్నిటినీ కలిపి, పొట్ట మీద పరిచినట్టు ఉంచి, మెత్తగా తొమ్మిది భాగాలూ తిరగండి. మొదటి చుట్టు పై పైనే, రెండో చుట్టు లోతుగా. చూపు మీ చేతి మీద కాదు, పేషెంట్ ముఖం మీద ఉండాలి. మన పెద్దవాళ్ళలో చాలామంది డాక్టర్ ముందు నొప్పని నోరు తెరిచి చెప్పరు, కనుబొమ్మ మాత్రం ముడిపడుతుంది.

పొట్ట బిగించేస్తుంటే మాటల్లో పెట్టండి. ఏ ఊరు, ఈసారి ఏం పంట వేశారు, పిల్లలు ఏం చేస్తున్నారు. చక్కిలిగింతలు ఎక్కువైతే పేషెంట్ చేతినే పొట్ట మీద పెట్టించి, దాని మీద మీ చేయి వేసి నొక్కండి. కాసేపటికి వాళ్ళ చేయి తీసేసినా పొట్ట ఒప్పుకుంటుంది. ఎంత మాట్లాడించినా వదలకుండా పొట్టంతా చెక్కలా బిగిసి ఉంటే అది ప్రాక్టీసు చేసే పొట్ట కాదు. చేయి తీసి డ్యూటీ డాక్టర్‌కి చెప్పండి.

లివర్

కుడి ఇలియాక్ ఫోసాలో మొదలుపెట్టాలి. అందరూ చేసే తప్పు నేరుగా పక్కటెముకల కింద చేయి పెట్టడం. లివర్ బొడ్డు దాకా దిగి ఉంటే మీ చేయి దాని మీదే ఉంటుంది, అంచు ఎప్పటికీ దొరకదు.

చూపుడువేలి పక్క అంచు పక్కటెముకలకు సమాంతరంగా పెట్టండి. "నోరు తెరిచి నిదానంగా గాలి పీల్చండి... వదలండి" అనండి. ముందు మీరు ఒకసారి చేసి చూపించండి, లేకపోతే చాలామంది గాలి పీల్చడానికి బదులు పొట్ట ఉబ్బించి ఊపిరి బిగబడతారు. పీలుస్తున్నప్పుడు మీ చేయి కదలకూడదు. వదిలేటప్పుడే ఒకటి రెండు సెంటీమీటర్లు పైకి జరగాలి. చేయీ లివరూ రెండూ కదిలితే ఏది ఏదో తెలియదు. లివర్ వచ్చి మీ వేలిని తాకాలి గానీ మీరు వెళ్ళి దాన్ని పొడవకూడదు.

దొరికాక అంచు పదునుగా ఉందా, మొద్దుగా ఉందా, పైభాగం నున్నగా ఉందా, బుడిపెలున్నాయా, మెత్తనా, గట్టా, నొప్పి ఉందా అన్నవి చూసి, మిడ్‌క్లావిక్యులర్ లైన్‌లో (కాలర్‌బోన్ మధ్యనుంచి నిలువుగా దిగే గీత) ఎన్ని సెంటీమీటర్లు దిగిందో టేపుతో కొలవండి. అక్కడితో వదిలేస్తే సగం పనే. పై అంచును పర్కషన్‌తో పట్టుకోండి, మామూలుగా ఐదో ఇంటర్‌కాస్టల్ స్పేస్ (పక్కటెముకల మధ్య సందు) దగ్గర ఉంటుంది. ఏళ్ళ తరబడి బీడీలు తాగి ఎంఫిసీమా వచ్చిన మనిషిలో ఊపిరితిత్తులు ఉబ్బి లివర్‌ని కిందికి తోస్తాయి. చేతికి తగులుతుంది కానీ పెరగలేదు. పై అంచు చూసినవాళ్ళకే ఆ సంగతి తెలుస్తుంది.

జ్వరం, కుడి డొక్క నొప్పి ఉంటే పక్కటెముకల మధ్య సందుల్లో ఒక్కో చోట వేలి కొసతో నొక్కి చూడండి. ఒకే చోట పేషెంట్ ఉలిక్కిపడితే లివర్ యాబ్సెస్ (చీము గడ్డ) గుర్తుకు రావాలి. కల్లు అలవాటు ఉందేమో అడగడం మరచిపోకండి.

స్ప్లీన్

ఇక్కడ తీరిగ్గా కూర్చోవాలి. మామూలు స్ప్లీన్ ఎడమవైపు 9, 10, 11 పక్కటెముకల వెనకాల దాగి ఉంటుంది. రెండు మూడింతలు పెరిగితే గానీ అంచు దాటి బయటికి రాదు. పెరిగేటప్పుడు నిట్టనిలువుగా కిందికి దిగదు, బొడ్డు మీదుగా కుడి ఇలియాక్ ఫోసా వైపు ఏటవాలుగా వస్తుంది. అందుకే మీ చేయి దానికి ఎదురు వెళ్ళాలి. ఇక్కడా మొదలు కుడి ఇలియాక్ ఫోసాలోనే. వేళ్ళ కొసలు ఎడమ పక్కటెముకల వైపు చూస్తుండాలి. పద్ధతి లివర్‌దే: పీలిస్తే చేయి కదలదు, వదిలితే పైకి జరుగుతుంది.

బొడ్డు దాటాక ఎడమ చేయి పేషెంట్ ఎడమ డొక్క వెనక్కి పోనివ్వండి. కింది పక్కటెముకల మీద ఆనించి, చర్మాన్నీ ఎముకలనూ కొద్దిగా మీవైపు లాగండి. దీనివల్ల ముందువైపు చర్మం వదులై కుడి చేతి వేళ్ళు పక్కటెముకల కిందికి దూరగలుగుతాయి. వెనకనుంచి మనిషినే పైకెత్తకండి. పొట్ట బిగుసుకుంటుంది.

కొద్దిగా పెరిగిన స్ప్లీన్ గట్టి గడ్డలా తగులుతుందని అనుకుని చాలామంది దాన్ని దాటేస్తారు. పీల్చడం పూర్తయ్యే ఆఖరి క్షణంలో గుండ్రటి కొస ఒకటి వేళ్ళకు తగిలీ తగలనట్టు తాకి, వదిలేటప్పుడు జారిపోతుంది. అంతే. ఒక్కసారి తెలిసిందని సంబరపడకుండా మూడు శ్వాసల్లోనూ అదే చోట వస్తుందో లేదో చూడండి.

దొరకలేదా? కుడి పక్కకు తిప్పి, ఎడమ మోకాలు మడిపించి, మళ్ళీ చూడండి. బరువుకు స్ప్లీన్ ముందుకు వస్తుంది. అప్పటికీ రాకపోతే పర్కషన్. ఆరో పక్కటెముక, ఎడమ మిడ్‌యాక్సిలరీ లైన్ (చంక మధ్యనుంచి దిగే గీత), పక్కటెముకల అంచు, ఈ మూడింటి మధ్య ఉన్న ట్రౌబే స్పేస్ మామూలుగా బోలుగా మోగుతుంది. అక్కడ డల్‌గా ఉంటే స్ప్లీన్ అనుమానించవచ్చు. పేషెంట్ అప్పుడే తిన్నా, ఎడమ ఊపిరితిత్తి చుట్టూ నీరున్నా కూడా డల్‌గానే ఉంటుంది. ఇంకో చోటు కాస్టెల్ పాయింట్. ఎడమ యాంటీరియర్ యాక్సిలరీ లైన్‌లో (చంక ముందు అంచునుంచి దిగే గీత) పక్కటెముకల మధ్య చిట్టచివరి సందు. మామూలు మనిషిలో లోతుగా పీల్చినా అక్కడ రెసొనెన్స్ మారదు. పీల్చినప్పుడు డల్‌గా మారితే మళ్ళీ చేత్తో వెతకడం దండగ కాదు.

తగిలింది స్ప్లీనేనా, ఎడమ కిడ్నీనా అన్న ప్రశ్న వైవాలో (నోటి పరీక్షలో) తప్పదు. చెప్పడం కాదు, చేసి చూపించాలి. పైభాగానికీ పక్కటెముకలకూ మధ్య వేళ్ళు దూర్చి చూడండి. స్ప్లీన్ అయితే దూరవు, కిడ్నీ అయితే సాధారణంగా దూరతాయి. లోపలి అంచు మీద నొక్కు దొరికితే స్ప్లీన్. వెనకనుంచి ఒక చేత్తో ఎగదోస్తే ముందు చేతికి వచ్చి తగిలేది కిడ్నీ. మీద తడితే స్ప్లీన్ డల్, కిడ్నీ ముందు కోలన్ ఉంటుంది కాబట్టి రెసొనెంట్. స్ప్లీన్ బాగా పెద్దదైతే నొక్కు తప్ప మిగతావి ఒక్కోటిగా మోసం చేయొచ్చు, అందుకే అన్నీ కలిపి చూడాలి.

పక్కటెముకల అంచునుంచి కొస దాకా పొడవు సెంటీమీటర్లలో రాయండి. "మూడు వేళ్ళు" అని రాస్తే ఎవరి వేళ్ళు? బొడ్డు దాటి పోయినంత పెద్దదైతే క్రానిక్ మైలాయిడ్ లుకేమియా (ఒక రక్త క్యాన్సర్), మైలోఫైబ్రోసిస్ (ఎముక మజ్జ పీచులా మారే జబ్బు), ఏజెన్సీ ప్రాంతాలనుంచి వచ్చినవాళ్ళలో పాత మలేరియా గుర్తు పెట్టుకోండి. సికిల్ సెల్ (ఎర్ర రక్తకణాలు కొడవలి ఆకారానికి మారే వంశపారంపర్య జబ్బు) ఉన్న పెద్దవాళ్ళలో మాత్రం స్ప్లీన్ క్రమంగా ముడుచుకుపోయి, తగలకుండా ఉండొచ్చు.

పొట్టలో నీరు

షిఫ్టింగ్ డల్‌నెస్ (మనిషి తిరిగితే నీటితోపాటు డల్ శబ్దం చోటు మారడం) సరిగా రాకపోవడానికి కారణం తొందర. బొడ్డు దగ్గరనుంచి పక్కకు తట్టుకుంటూ వెళ్ళండి, ఎడమ వేలు నిలువుగా ఉండాలి. శబ్దం డల్‌గా మారిన చోట వేలు తీయకుండా, అలాగే ఉంచి, పేషెంట్‌ని అవతలి పక్కకు తిరగమనండి. అర నిమిషం నుంచి నిమిషం దాకా ఆగండి. నీరు కిందికీ పేగులు పైకీ చేరడానికి ఆ మాత్రం సమయం కావాలి. ఇప్పుడు తడితే అదే చోట రెసొనెంట్‌గా మోగితే నీరున్నట్టే. దాదాపు లీటరు చేరితే గానీ ఇది నమ్మకంగా రాదు. ఫ్లూయిడ్ థ్రిల్‌కి (ఒక పక్క తడితే అవతలి పక్క చేతికి నీటి అల తగలడం) పొట్ట బిగుసుకునేంత నీరు ఉండాలి. పొట్ట మధ్యలో ఇంకొకరి అరచేతి అంచు పెట్టించడం మరచిపోతే కొవ్వు అలలే మీ చేతికి తగులుతాయి.

నీరు ఎక్కువగా ఉంటే మామూలు పాల్పేషన్ (చేత్తో నొక్కి చూడటం) పనిచేయదు. వేళ్ళ కొసలతో చటుక్కున ఒక్కసారి లోపలికి తోసి ఆపండి. నీరు పక్కకు తప్పుకుని, లివరో స్ప్లీనో ఉంటే వేళ్ళకు కొట్టుకుంటుంది. డిప్పింగ్ అంటే ఇదే. ఇలాంటి పేషెంట్‌కి ట్యాపింగ్ చేసి నీరు తీసిన మర్నాడు అనుమతి అడిగి మళ్ళీ చూడండి. ముందురోజు దొరకనివి తేలిగ్గా దొరుకుతాయి.

స్టెతస్కోప్‌తో పేగు శబ్దాలు, లివర్ మీద బ్రూయీ (రక్తప్రవాహపు హోరు) వినడం, హెర్నియా స్థానాలు, వీపు చూడటం ఉన్నాయి. వీటికి ఎక్కువ టైమ్ పట్టదు, కానీ వదలకండి. పేగు శబ్దాలు లేవని చెప్పాలంటే మాత్రం నిమిషాల తరబడి వినాలి.

జవాబు చూడకుండా

ఇద్దరు ముగ్గురు కలిసి ఒక జట్టు కట్టండి. ఒకరు పీజీని అడిగి పేషెంట్‌ని ఎంచుతారు, మిగతావాళ్ళకు ఏమీ చెప్పరు. ప్రతి మూడో పేషెంట్ పొట్ట మామూలుగా ఉన్నదే కావాలి, లేకపోతే ఏదో ఒకటి ఉంటుందన్న నమ్మకంతో చేయి అబద్ధం చెప్పడం నేర్చుకుంటుంది. కేస్ షీట్ తెరవొద్దు. పరీక్ష చేసి, ఎవరికి వాళ్ళు పేపర్ మీద రాసుకున్నాకే మాట్లాడుకోవాలి.

చిన్న నోట్‌బుక్‌లో మూడు గడులు గీసుకోండి: నాకు తగిలింది, సీనియర్‌కి తగిలింది, స్కాన్‌లో ఉంది. పేషెంట్ పేరు రాయొద్దు. స్కాన్ గడి ఎప్పుడూ చివరే నింపాలి. స్కాన్‌లో స్ప్లీన్ 13 సెంటీమీటర్లని ఉండి మీకు తగలకపోతే దిగులు పడకండి, అంత కొద్దిగా పెరిగినది చాలామందికి తగలదు. 18 ఉండి తగలకపోతే మాత్రం ఆ రోజే తిరిగి వెళ్ళి ఎక్కడ తప్పిపోయిందో చూసుకోవాలి.

2019 బ్యాచ్‌తో వచ్చిన సిలబస్‌లో నైపుణ్యాలకు లాగ్‌బుక్ సంతకం ఉంటుంది. పోస్టింగ్ ఆఖరి రోజు అన్నీ ఒకేసారి పెట్టించుకోవడం అందరికీ తెలిసిన వ్యవహారమే. సంతకం ఎలాగూ వస్తుంది కానీ, దాని బదులు పీజీని ఐదు నిమిషాలు అడగండి: "సార్, నేను స్ప్లీన్ చూస్తాను, మీరు నా చేతిని చూసి తప్పు చెప్పండి." చేతిలోని తప్పు, చేసేవాడికి కనిపించదు, పక్కన నిలబడ్డవాళ్ళకు వెంటనే కనిపిస్తుంది.

ఒక పేషెంట్‌ని ఒక పూటలో ఇద్దరు ముగ్గురికి మించి ముట్టుకోవద్దు. నొప్పి ఉన్న పొట్ట అయితే ఒక్కరే. డెంగీలో, లుకేమియాలో స్ప్లీన్ మెత్తగా ఉండి చితికే ప్రమాదం ఉంది కాబట్టి లోతుగా నొక్కకండి. పిల్లల వార్డులో విల్మ్స్ ట్యూమర్ (పిల్లల్లో వచ్చే కిడ్నీ క్యాన్సర్) అనుమానమున్న పొట్టను పదేపదే పట్టి చూడకూడదు. గడ్డ చితికి వ్యాపించే ప్రమాదం ఉంది. కొట్టుకుంటూ అన్నివైపులా ఉబ్బుతున్న గడ్డ తగిలితే, అది అన్యూరిజం కావచ్చు, అక్కడే ఆపండి.

"లోపల ఏముంది బాబూ?" అని పేషెంట్ అడుగుతారు. మీకు తెలిసినా చెప్పొద్దు. "నేనింకా చదువుకుంటున్నానమ్మా, పెద్ద డాక్టర్ గారు వచ్చి చెబుతారు" అనండి. కేస్ షీట్‌లో లేనిది మీ చేతికి కొత్తగా తగిలితే మాత్రం దాచుకోకుండా డ్యూటీ డాక్టర్‌కి చెప్పండి.

ఎగ్జామ్ రోజు

జేబులో టేపు, టార్చ్, స్కెచ్ పెన్ను, చేతికి సెకన్ల ముల్లున్న వాచీ ఉండాలి. గోళ్ళు ముందురోజే తీసేయండి. ఎగ్జామినర్ "స్ప్లీన్ చూపించు" అన్నారని టెన్షన్‌లో నేరుగా పక్కటెముకల దగ్గరికి పరిగెత్తకండి. శానిటైజర్ రాసుకుని, పేషెంట్‌కి చెప్పి, నొప్పి ఎక్కడో అడిగి, కుడి ఇలియాక్ ఫోసాలో మొదలుపెట్టండి. ఆ వరస చూసి మార్కులు వేసేవాళ్ళే ఎక్కువ.

తగలకపోతే "స్ప్లీన్ తగల్లేదు సార్, ట్రౌబే స్పేస్ రెసొనెంట్‌గా ఉంది" అని చెప్పండి. "స్ప్లీన్ పెరగలేదు" అనకండి, అంత మాట చెప్పగలిగేది స్కాన్. పక్క టేబుల్ వాడు తగిలిందన్నాడని మీరూ అనొద్దు. ఆ పేషెంట్లను ఎగ్జామినర్లు పొద్దున్నే చూసి ఉంటారు. వాళ్ళు తర్వాతి ప్రశ్నగా అడిగేది "అయితే అంచు ఎక్కడుందో గీత గీసి చూపించు" అనే. ప్రశ్నలు నడుస్తున్నా సరే, చేయి తీయగానే పేషెంట్ పొట్ట మీద దుప్పటి కప్పండి. ఉదయం నుంచి ఆయన అలాగే పడుకుని ఉన్నారు.